సోమక్క ఆగిన చోట

“ఈ హూఁ హూఁ అంటున్నదెవరు?” అన్నాడు దుబే సార్, హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీద నుంచి పక్కకు నెట్టి.

“నేనే సార్.”

“నువ్వా? ఎందుకు?”

ఎందుకేమిటి? మనిషి ఎదురుగా కూర్చుని కథ చెబుతుంటే ఊ కొట్టకుండా ఎవరుంటారు? ఆ మాటను హిందీలోకి తిప్పేలోపే ఆయన మౌస్ పట్టుకుని వీడియోను ముందుకు జరిపాడు. ఊఁ. ఇంకొంచెం జరిపాడు. ఊఁ. చివరికంటా జరిపినా నేను ఊ అంటూనే ఉన్నాను. స్క్రీన్ మీద మా పెద్దమ్మ సోమక్క మిరపకల్లంలో కూర్చుని, తలగుడ్డ సర్దుకుంటూ, బ్రహ్మాండంగా చెబుతోంది.

“సౌండ్ మొత్తం పాడైపోయింది,” అన్నాడు సార్. “ఇంటర్వ్యూ చేసేవాళ్ళు నోరు మూసుకుని తల ఊపాలని మొదటి క్లాసులోనే చెప్పాను. ఇక దీని మీద హిందీ వాయిస్ ఓవర్ వేసెయ్యడమే. నేనే చదువుతాను.”

సార్‌ని పట్టుకుని ‘అన్నాడు’ అంటుందేమిటీ పిల్ల అనుకుంటున్నారేమో. ఎదురుగా ఉన్నప్పుడు సార్, సార్ అనే అంటాను. నా కథ నేను చెప్పుకునేటప్పుడు మాత్రం కోపం ఎంత మిగిలి ఉంటే మర్యాద అంత తగ్గుతుంది.

ఇది జగ్దల్‌పూర్‌లో, మా కాలేజీ మూడో అంతస్తులో, ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసిన గదిలో జరిగింది. ఇప్పుడు దాన్ని ఎడిటింగ్ రూమ్ అంటున్నారు. వెలుతురు రాకుండా కిటికీకి దుప్పటి కట్టారు. కంప్యూటర్లు రెండు, పనిచేసేది ఒకటి. నా పక్కన మాసా కూర్చున్నాడు. వాడిది సుక్మా జిల్లాలో మరైగూడ, నాది బీజాపూర్ జిల్లాలో మద్దేడ్. వాడు ఇంట్లో దోర్లీ, నాతో తెలుగు, సార్‌తో హిందీ, సంతలో హల్బీ మాట్లాడతాడు. నేనూ ఇంచుమించు అంతే, కాకపోతే దోర్లీలో నాకు తిట్లు మాత్రమే బాగా వచ్చు. కెమెరా వాడిది, ప్రశ్నలు నావి, ఎడిటింగ్ ఇద్దరిదీ. చివరి సంవత్సరం పరీక్షకు బదులు జట్టుకొక షార్ట్ ఫిల్మ్ తీయాలి. వాటిని కాలేజీ హాల్లో అందరికీ వేసి చూపిస్తారు. అన్నిటికంటే బాగున్నది రాయ్‌పూర్ పోటీకి వెళ్తుంది.

మేము మిర్చి ఏరే ఆడవాళ్ళ మీద తీశాం. మా వైపు వరి పనులు అయిపోగానే ఊళ్ళకు ఊళ్ళు గోదావరి దాటి తెలంగాణకు మిర్చి ఏరడానికి పోతాయి. చేన్ల పక్కనే టార్పాలిన్ పట్టాలు కప్పుకుని గుడిసెలు వేసుకుంటారు, మిర్చి అయిపోయాక తిరిగొస్తారు. సోమక్క మా అమ్మకు సొంత అక్క. మద్దేడ్ నుంచి పోయే ఒక కూలీల ముఠాకు ఆమే పెద్ద. తెలుగువాళ్ళూ దోర్లవాళ్ళూ కలిసిన ముఠా అది. మేము కెమెరా పట్టుకుని ఆ కల్లానికే పోయి తీసుకొచ్చాం.

ఆమెను కెమెరా ముందు కూర్చోబెట్టడం అంత సులువుగా ఏమీ కాలేదు. అంతకుముందు ఒకసారి ఎవరో వచ్చి ఆమెను వీడియో తీసుకుపోయారు. అది తర్వాత ఫోన్లలో ఊరంతా తిరిగింది. అందులో పెద్దమ్మ నోరు కదులుతుంది, లోపలి నుంచి మగగొంతు హిందీలో వస్తుంది. మాకు పని దొరికింది, మేమెంతో సంతోషంగా ఉన్నాం, అందరికీ ధన్యవాదాలు అని. ఆమె నిజానికి చెప్పింది చేను దగ్గర తాగడానికి నీళ్ళు పెట్టడం లేదని. ఆ తర్వాత కిరాణా కొట్టు దగ్గర పిల్లలు “ధన్యవాద్ సోమక్కా” అని వెక్కిరించేవాళ్ళు. ఆ మంట ఆమెకు ఇప్పటికీ చల్లారలేదు.

“నోరు నాది, మాట వానిదా?” అంది నేను అడగబోయినప్పుడు. “నువ్వు గూడ గట్లనే చేస్తవు. పో.”

“చెయ్య పెద్దమ్మా. నీ మాట మీద ఇంకొకల మాట పడనియ్య.”

“ఒట్టు?”

“ఒట్టు.”

ఆ ఒట్టు మీద ఆమె చెప్పింది. చేతిలో చెయ్యి వేసి మరీ పెట్టించుకుంది. ఇప్పుడు దుబే సార్ అదే చోట తన గొంతు పెడతానంటున్నాడు. ఎప్పుడో రేడియోలో ప్రకటనలు చదివాడట, తన గొంతంటే ఆయనకు ప్రాణం.

“సబ్‌టైటిల్స్ వేద్దాం సార్,” అన్నాను. “ఆమె మాట ఆమెకే ఉంచుదాం.”

“సబ్‌టైటిల్స్ వేసినా ఈ హూఁ హూఁని ఏం చేస్తావు? ఎవరికో కడుపు నొస్తోందనుకుంటారు జనం.” మాసా నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. “ఒక పని చెయ్. మళ్ళీ వెళ్ళు. నోరు మూసుకుని కూర్చుని, శుభ్రమైన సౌండ్ తెచ్చుకో. తెస్తే సబ్‌టైటిల్స్. తేలేకపోతే నా వాయిస్.”

అప్పుడే క్యాంటీన్‌లో పనిచేసే గంగా టీ పట్టుకుని పైకి వచ్చింది. మా అమ్మ వయసు మనిషి, హల్బీ మాట్లాడుతుంది, తెలుగు ముక్క రాదు. గ్లాసులు బల్ల మీద పెట్టి, స్క్రీన్ మీద ఉన్న పెద్దమ్మను చూస్తూ నిలబడిపోయింది. “ఏం చెబుతోంది?” అని నన్ను హల్బీలో అడిగింది.

“పాము కరిచిన కథ.”

“తర్వాత?”

“తర్వాత సార్ ఆపేశారు.”

తినేవాళ్ళ ముందు నుంచి కంచం లాగేసిన మనిషిని చూసినట్టు గంగా సార్‌ని చూసింది. ఆయన అదేమీ గమనించకుండా టీ తాగాడు.

మర్నాడే బస్సెక్కాం. మిర్చి కాలం అప్పటికి అయిపోయింది, పెద్దమ్మ మద్దేడ్‌లో ఇంటి దగ్గరే ఉంది. మళ్ళీ చెప్పాలంటే కొంచెం గొణిగినా వాకిట్లో చాప వేసింది. మాసా వెదురుకర్రకు మైకు కట్టి ఆమె తల మీదుగా పట్టుకున్నాడు. నేను కెమెరా పక్కన కూర్చుని పెదాలు బిగించాను.

“ఆ పొద్దు తెల్లారకముందే చేన్లకు పోయినం,” అని ఆగింది పెద్దమ్మ.

నేను తల ఊపాను.

“మంచు పడుతున్నది.” మళ్ళీ ఆగింది.

మళ్ళీ తల ఊపాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. “ఏంది పిల్లా, ఇంటున్నవా, నిద్రపోతున్నవా?”

“ఇంటున్న పెద్దమ్మా. నువ్వు చెప్పు, నేను తల ఊపుత.”

“తొండ లెక్క తల ఊపుడేంది? ఊ అను.”

“అనొద్దన్నడు మా సార్. సౌండ్ ఖరాబ్ అయితదట.”

“ఊ అంటే ఖరాబ్ అయితదా?” ఆమె మాసా వైపు తిరిగింది. “నువ్వు చెప్పు కొడకా. మీ ఇంట్ల కత చెప్తే ఊ అనరా?”

“అంటరు పెద్దమ్మా. అనకుంటే మా అవ్వ కత మధ్యల్నే లేసి పోతది.”

“మరి గట్ల చెప్పు మీ సార్‌కు.”

“ఈ ఒక్కపాలి పెద్దమ్మా,” అని బతిమాలాను. నా మొహం చూసి సరేనంది. ఈసారి ఆగకుండా చెప్పింది గానీ, బడిలో పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. మంచు పడింది, లక్మే వంగింది, పాము కరిచింది, దవాఖానకు తీసుకపోయినం, అయిపోయింది. నిజంగానే అంతలో అయిపోయింది. అందులో ఉప్పూ లేదు, కారమూ లేదు. మాసా నా వైపు చూసి పెదవి విరిచాడు. పెద్దమ్మ లేచి కోళ్ళకు నూకలు చల్లడానికి పోతూ, “ఊ అననోళ్ళకు చెప్పుడంటే గోడకు చెప్పుడే, నాతోని కాదు,” అంది.

గుమ్మంలో లక్మే కూర్చుని ఉంది. దోర్ల పిల్ల, పెద్దమ్మ ముఠాలోనే ఏరుతుంది. ఆ పాము కరిచింది ఈమెనే. మేము వచ్చామని తెలిసి, తన కథ తానే వినడానికి పక్క వాడ నుంచి వచ్చింది. ఆమెకు ఇక ఓపిక పట్టలేదు. “చెప్పక్కా, నేను ఊ అంట,” అంటూ వచ్చి చాప మీద కూర్చుంది.

ఇక చూడండి. లక్మే ఊ అందో లేదో పెద్దమ్మ నూకల చాట పక్కన పెట్టేసింది.

“ఇది చెట్టు మొదట్ల చెయ్యి పెట్టింది.”

“ఊఁ.”

“కెవ్వుమన్నది. ఏందే అని ఉరికొస్తే పురుగు ముట్టింది.”

“ఊఁ.” తనను కరిచిన పాముకు తనే ఊ కొట్టింది లక్మే.

“ఆసామి కాడికి ఉరికినం. కల్లంల ట్రాక్టర్ ఉన్నది. సగం బస్తాలు ఎక్కినయి, సగం మిర్చి ఇంకా రాశి మీదనే ఉన్నది. ‘అయ్యా, పిల్లను దవాఖానకు తీసుకపో’ అన్న. ‘మాల్ బజార్‌కు పోవాలె, మళ్ళొచ్చినంక చూద్దాం’ అన్నడు.”

“ఊఁ,” అంది లక్మే, పళ్ళు కొరుకుతూ.

మాసా మైకు కర్ర దించేశాడు. పట్టుకుని లాభం లేదని ఇద్దరికీ తెలుసు. నా ఊ పోయి లక్మే ఊ వచ్చింది, అంతే తేడా. పెద్దమ్మ మాత్రం కెమెరా ఉందో లేదో చూసుకోకుండా చివరిదాకా చెప్పి, మాకు అన్నం పెట్టి పంపింది.

తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది. మాసా ఆ సంగతి తెలిసినవాడు కనక ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టాడు. కల్లంలో మొదట చేసిన రికార్డింగు అది. బీజాపూర్ దాటేదాకా వింటూ కూర్చున్నాను. అప్పుడు పట్టుకున్నాను విషయం. సార్ చెప్పినట్టు నా ఊ పెద్దమ్మ మాట మీద పడలేదు. ఆమె ఒక మాట అని, నా కోసం ఆగి, నేను ఊ అన్నాకే రెండో మాట ఎత్తుకుంటోంది. దాదాపు ప్రతి ఊ రెండు మాటల మధ్య ఒంటరిగా ఉంది.

“మాసా, ఇవి కోస్తే వస్తయిరా.”

“ఏంటివి?”

“నా ఊలు. పెద్దమ్మ మాటకు తగలకుండ కొయ్యొచ్చు.”

ఎడిటింగ్‌లో సౌండ్ స్క్రీన్ మీద గుట్టల్లా కనబడుతుంది. పెద్దమ్మ మాట పెద్ద గుట్ట. దాని తర్వాత చదును. చదును మధ్యలో ఒక చిన్న పుట్ట. ఆ పుట్ట నేనే. నన్ను నేనే ఒక్కొక్కటిగా పీకి పారేశాను. పీకిన చోట ఏ సౌండూ లేకుండా వదిలితే చెవికి గుంతలో పడ్డట్టు తెలుస్తుంది. అందుకని ఏ చోట తీసినా, ఎవరూ మాట్లాడకుండా ఆ చోటి గాలిని కాసేపు రికార్డు చేసి పెట్టుకుంటారు. కల్లంలో మాసా ఆ పని చేసి పెట్టాడు. ఆ గాలి, పట్టాల రెపరెప తెచ్చి నా ఖాళీల్లో పరిచాం. రెండు మూడు చోట్ల నా తొందర కొద్దీ ఊ పోయి పెద్దమ్మ మాట తోక తొక్కింది. అక్కడ పక్కనెవరో దగ్గిన దగ్గు తెచ్చి కప్పాం. మిరపకల్లంలో దగ్గుకు కరువేముంది?

అంతా అయ్యాక మొదటి నుంచి వేసి చూశాం. పెద్దమ్మ ఒక మాట చెప్పింది. ఆగింది. ఆ రోజు నేను కెమెరాకు ఆనుకుని కూర్చోవడంతో ఆమె చూపు సరిగ్గా మన కళ్ళలోకే ఉంది. వింటున్నావా అని అడుగుతున్నట్టు ఉంది. గాలి వీచింది. ఆమె తృప్తి పడి రెండో మాట చెప్పింది.

“ఊఁ,” అన్నాడు మాసా, తెలియకుండానే. అని వాడే నవ్వాడు. “ఖాళీలు కోసి దగ్గరికి జరుపుదమా? సార్ ఊకోడు.”

“వద్దు. ఆమె ఎంతసేపు ఆగిందో మనమూ అంతసేపే ఆగుదాం.”

సార్ నిజంగానే ఊరుకోలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, సౌండ్ శుభ్రంగానే ఉందని ఒప్పుకున్నాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపాడు.

“కానీ ఈ ఖాళీలేమిటి? మాట మాటకీ సినిమా ఆగిపోయినట్టుంది. ఇవన్నీ కోసెయ్.”

“కొయ్యను సార్.”

“ఎందుకు?”

“కోస్తే ఆమె ఊపిరి తీసుకోకుండా వాగే మనిషిలా ఉంటుంది. ఆమె అలాంటిది కాదు. ఎదుటివాళ్ళు విన్నారని తెలిశాకే రెండో మాట చెబుతుంది.”

“అవన్నీ జడ్జీలకు తెలియవు. ఖాళీలు కొయ్యి, లేదా ఖాళీల్లో నన్ను హిందీలో చెప్పనీ.” ఆయన గొంతు సవరించుకున్నాడు కూడా. “ఇద్దరం ముందే అనుకున్నాం కదా.”

“శుభ్రమైన సౌండ్ తెస్తే సబ్‌టైటిల్స్ అన్నారు. తెచ్చాను. మీ మాట మీరు నిలబెట్టుకోండి సార్.”

“సునీతా, మార్కులు వేసేది నేను.”

“వెయ్యకండి.”

బల్ల కింద మాసా నా కాలు తొక్కాడు. నేను తిరిగి తొక్కాను.

“సరే,” అన్నాడు సార్, గొంతు తగ్గించి. “నా వాయిస్‌తో ఒక కాపీ నేను చేసి పెట్టుకున్నాను. హాల్లో అదే వేస్తాను.”

నాకు కిరాణా కొట్టు దగ్గర పిల్లలు గుర్తొచ్చారు. చేతిలో చెయ్యి వేయించుకున్నప్పుడు పెద్దమ్మ అరచెయ్యి ఎంత గరుకుగా ఉందో గుర్తొచ్చింది. లేచి నిలబడ్డాను.

“వేసుకోండి. కాకపోతే మా పెద్దమ్మ మొహం తీసేసి వేసుకోండి. ఆమె మొహం కావాలంటే ఆమె మాట కూడా ఉండాలి, విడిగా ఇవ్వం. అది కాదని మీ కాపీ వేశారా, నేను హాలు మధ్యలో లేచి ఆమె అసలేం చెప్పిందో అందరికీ చెబుతాను. మైకు అక్కర్లేదు సార్, నా గొంతు మీ గొంతు కంటే పెద్దది.”

“నేనూ లేస్తాను సార్,” అన్నాడు మాసా కూర్చునే. వాడు పెద్దగా మాట్లాడడు. “కెమెరా పట్టింది నేను.”

దుబే సార్ మొహం ఎర్రబడింది. మమ్మల్ని బయటికి పొమ్మంటాడనుకున్నాను. కానీ ఆయన నవ్వాడు. “అయితే మీ ఖాళీలతోనే వేస్తాను. కుర్రాళ్ళు ఈలలు వేస్తారు చూడు, అప్పుడు నేర్చుకుంటావు. మీ పెద్దమ్మను కూడా పిలువు. ఆమె కూడా చూడనీ.”

ఆ చివరి మాట నాకు సూటిగా తగిలింది. పిలిస్తే, హాలంతా నవ్వితే, ఆమెకు రెండోసారి అదే అవమానం. ఈసారి నా చేతుల మీదుగా. పిలవకపోతే నా సినిమా మీద నాకే నమ్మకం లేనట్టు. ఫోన్ చేతిలో పట్టుకుని మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. తర్వాత చేశాను.

“నా మాటేనా?” అని అడిగింది పెద్దమ్మ.

“నీ మాటే పెద్దమ్మా. ఇంకొకల మాట చుక్క గూడ లేదు.”

“అయితే ముఠా మొత్తం వస్తం.”

అన్నట్టే వచ్చారు. ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని, రెండు వరసలు నింపేశారు. ముందు వరసలో జడ్జీలు, సార్లు. వెనకంతా హాస్టల్ పిల్లలు, మొత్తం బస్తర్‌లో ఉన్న భాషలన్నీ ఆ కుర్చీల్లో ఉన్నాయి. పెద్దమ్మ నా పక్కన కూర్చుంది, ఆమె పక్కన లక్మే. తలుపు దగ్గర గంగా టీ కెటిల్ పట్టుకుని నిలబడింది.

మాది వచ్చింది. తెర మీద పెద్దమ్మ, కింద హిందీ అక్షరాలు.

“ఆ పొద్దు తెల్లారకముందే చేన్లకు పోయినం.”

ఆగింది. హాల్లో ఫ్యాన్ల చప్పుడు.

“మంచు పడుతున్నది.”

ఆగింది. ఎవరో కుర్చీలో కదిలారు.

“ఈ లక్మే ఉన్నదే, ఇది నా పక్క సాలుల ఉన్నది.”

“బఫరింగ్!” అని వెనక నుంచి ఒకడు అరిచాడు. ఆ వరసంతా నవ్వింది. దుబే సార్ చేతులు కట్టుకుని వెనక్కి తిరిగి నా వైపు చూశాడు.

అది కాదు నన్ను చంపింది. పెద్దమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

“నీ ఊ ఏది?”

“తీసేసిన పెద్దమ్మా.”

“ఎందుకు తీసినవు?” ఆమె గొంతులో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది. “ఇంతమంది ముంగట నన్ను గోడకు చెప్పిచ్చినవా?”

ఆమె మాట మీద ఇంకొకరి మాట పడనివ్వనని ఒట్టు పెట్టాను, నిలబెట్టుకున్నాను, అయినా ఇలా అయింది. తెర మీద ఆమె ఒక్కతే కూర్చుని, మాట చెప్పి, కళ్ళెత్తి, జవాబు లేని జనం వైపు చూస్తోంది. నేనే గట్టిగా ఊ అనేద్దామనుకున్నాను. నేనంటే సరిపోదు. నేను ఆ రోజే అన్నాను. పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

“చెట్టు మొదట్ల చెయ్యి పెట్టింది,” అంది తెర మీద పెద్దమ్మ. ఆగింది.

“హూఁ,” అన్నారెవరో.

తలుపు దగ్గర నుంచి వచ్చింది అది. గంగా. కెటిల్ కిందికి దించలేదు, తెర మీద నుంచి చూపు తిప్పలేదు. ఆ రోజు ఎడిటింగ్ గదిలో సగంలో ఆగిపోయిన కథ కోసం ఇన్నాళ్ళూ ఎదురుచూసినట్టుంది. మనిషి చెబుతోంది, వినేవాళ్ళు హూఁ అనాలి, ఆమెకు తెలిసింది అంతే. ఆమె తన ఊళ్ళో అనేది కూడా అదే.

“కెవ్వుమన్నది. పురుగు ముట్టింది.”

“హూఁ.” ఈసారి గంగాతో పాటు తర్రెం నుంచి వచ్చి హాస్టల్‌లో ఉంటున్న జయ అంది. ఆమెది గోండీ. లక్మే ఊఁ అంది. ముఠా రెండు వరసలూ ఊఁ అన్నాయి.

“ఆసామి కాడికి ఉరికినం.”

వెనక కుర్రాళ్ళు వెక్కిరింతగా హూఁఁఁ అని సాగదీశారు. బఫరింగ్ అన్నవాడి గొంతు అందులో బాగా వినబడింది. సాగదీసుకోనీ అనుకున్నాను, ముందు నోరు తెరిచారు కదా. తర్వాతి మాటకు సాగతీత తగ్గింది. ‘మాల్ బజార్‌కు పోవాలె, మళ్ళొచ్చినంక చూద్దాం’ అని ఆసామి అన్న దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ హూఁలో వెక్కిరింత లేదు.

“‘పిల్ల నురగలు కక్కుతున్నదయ్యా’ అన్న.”

“హూఁ.”

“‘బస్తాలు నింపురి, తొందరగ పోయొస్త’ అన్నడు.”

“హూఁ!”

“నేను నా ముఠాను చూసిన.”

“హూఁ.”

“పోయి మిర్చి రాశి మీద కూసున్న.”

ఇక్కడ పెద్దమ్మ చాలాసేపు ఆగుతుంది. ఆ ఖాళీ కొయ్యమని సార్ వేలు పెట్టి మరీ చూపించాడు. ఒక్క క్షణం హాలు ఊపిరి బిగబట్టింది, తర్వాత అందరూ ఒకేసారి అన్నారు. కుర్చీల కింద నేల అదిరింది.

“నాలుగొద్దులు ఎండకు కాగిన మిర్చి. కూసుంటే ఎట్లుంటదో మీకెరుకేనా? ఒక్కొక్కతి వచ్చి కూసున్నది. రాశి కనబడకుండ కూసున్నం. ‘లేవురి’ అన్నడు. ‘ట్రాక్టర్ కదిలితే లేస్తం’ అన్న.”

“హూఁ!”

“‘మంటకు చస్తరే’ అన్నడు. ‘ఈ మంట మాకు కొత్తనా?’ అన్న.”

హూఁ అన్నారా, కేక పెట్టారా నాకు తెలియలేదు. నా చెవులు గింగురుమన్నాయి. నేనూ అరిచి ఉంటాను, తర్వాత గొంతు బొంగురుపోయింది.

“బస్తాలు దింపిండు. దీన్ని ఎక్కిచ్చినం.” తెర మీద పెద్దమ్మ పక్కకు తిరిగి చెయ్యి చూపించింది. “ఇగో, కూసున్నది చూడు.”

హాలంతా లేచి లక్మే కోసం వెతికింది. లక్మే సిగ్గుతో కొంగు మొహం మీదికి లాక్కుని, మళ్ళీ దించి, కరిచిన చెయ్యి పైకెత్తి చూపించింది. చప్పట్లు చాలాసేపు ఆగలేదు. గంగా మాత్రం చప్పట్లు కొట్టలేదు, కథ పూర్తయింది కాబట్టి టీ పొయ్యడం మొదలుపెట్టింది.

 పెద్దమ్మ నా తొడ మీద ఒక్కటి చరిచింది. “నువ్వు తీసినవు. వీళ్ళు పెట్టిండ్రు,” అంది. ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే నేను వేరేవైపు చూశాను, లేకపోతే నాకూ వచ్చేది.

మా సినిమా రాయ్‌పూర్‌కు వెళ్తుందని జడ్జీలు అక్కడే చెప్పారు. జనం కదలకముందే దుబే సార్ ఫోన్ ఊపుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. ఇంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

“అద్భుతం! హాల్లో వాళ్ళ హూఁలన్నీ నేను ఫోన్‌లో రికార్డు చేశాను. రాయ్‌పూర్ కాపీలో ఆ ఖాళీల్లో ఇవి పెట్టెయ్. సరిగ్గా సరిపోతాయి. సౌండ్‌కు మార్కులు నేను చూసుకుంటాను.”

నా ఊ వల్ల సౌండ్ పాడు. ఆయన ఫోన్‌లో ఉన్న ఊ మాత్రం అద్భుతం. మాసా నా కాలు తొక్కడానికి కాలెత్తాడు గానీ, ఈసారి తొక్కకుండానే దించేశాడు.

“వద్దు సార్,” అన్నాను. “ఖాళీగానే వెళ్తుంది.”

“పిచ్చిదానా, ఇది బస్తర్ కాబట్టి అన్నారు. రాయ్‌పూర్ హాల్లో ఎవరూ అనకపోతే?”

“ఏమంటున్నడు?” అని అడిగింది పెద్దమ్మ. ఆమెకు సంత హిందీ వచ్చు గానీ సార్ వేగం అందలేదు. తెలుగులో చెప్పాను. ఆమె కొంగు బొడ్లో దోపుకుని ఆయన వైపు తిరిగింది, మాట మాత్రం నాతో అంది.

“అనేదాంక ఆగుత అని చెప్పు. మిర్చి మీద కూసున్నదాన్ని, కుర్చీల్ల కూసున్నోళ్ళకు బెదురుతనా?”

ఆ మాటను ఒక్క ముక్క పోకుండా హిందీలో సార్‌కు చెప్పాను. చెప్పి, ఆయన మొహంలోకి చూస్తూ ఆగాను.